పద్నాలుగు ముక్కల చెయ్యి

మా వదిన పేకముక్కలు లెక్కపెట్టేటప్పుడు పెదవులు కదపదు. చేతిలో పట్టుకునే ముక్కలు కావవి, కాగితం మీద రాసిన ముక్కలు. పెన్సిలు మొన ఒక్కో అక్షరం కింద అర క్షణం ఆగి ముందుకు జరుగుతుంది. ముందు మనిషి మనిషికీ లెక్క. ఒక్కొక్కరికి పదమూడు రావాలి. తరవాత రంగు రంగుకీ లెక్క. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు, ఏదైనా పదమూడే రావాలి. రెండు లెక్కలూ కుదిరాక కాగితం మూలన చిన్న టిక్కు పెట్టి నాకిస్తుంది. పంతొమ్మిదేళ్ళుగా ఆ టిక్కు ఉన్న కాగితంలో తప్పు దొరకలేదు. ఈ సంగతి నేను అందరికీ గర్వంగా చెబుతుంటాను గానీ అందులో నా గొప్పేమీ లేదు. ఆ కాగితం పట్టుకెళ్ళి అచ్చు వేయించి, ప్రూఫులు దిద్దడం వరకే నా పని.

అచ్చయ్యేది మా బ్రిడ్జి క్లబ్బు పత్రిక. నెలకొకటి, ఎనిమిది పేజీలు, నూట ఇరవై కాపీలు. బ్రిడ్జి తెలియనివాళ్ళకి క్లుప్తంగా చెప్పేస్తాను, తెలిసినవాళ్ళు నవ్వుకోకండి. నలుగురు కూర్చుంటారు. ఎదురెదురుగా ఉన్న ఇద్దరూ జట్టు. యాభై రెండు ముక్కలూ పంచేస్తారు. నలుగురూ తలో ముక్కా వేస్తే పెద్ద ముక్క వేసినవాడిది పట్టు. మేం ఇన్ని పట్టులు పడతామంటే మేం ఇన్ని పడతామని ముందుగా పాట పాడుకుంటారు. ఎక్కువ పాడినవాడు ఆడతాడు. అతని జట్టువాడు తన ముక్కలన్నీ బల్ల మీద పరిచేసి నోరు మూసుకుని కూర్చుంటాడు. పాడినన్ని పట్టులు వచ్చాయా, మంచిది. ఒక్కటి తగ్గినా పరువు గంగపాలే. ఆ నెల ఆటల్లో పోట్లాడుకోదగ్గ పంపకాలు మూడో నాలుగో ఏరి, ఎవరి దగ్గర ఏ ముక్కలున్నాయో బొమ్మ గీసి పత్రికలో వేస్తారు.

వదిన నీటి సరఫరా ఆఫీసులో పైపుల నక్షాలు గీసే ఉద్యోగం చేసి రిటైరయింది. ఆవిడ చెయ్యి పెట్టక ముందు మా పత్రికలో బొమ్మలు కోడి గీకినట్టుండేవి. అన్నయ్య ఒకసారి ఆ పత్రిక సోఫాలో పడేస్తే తీసి చూసి, "ఇదేంటిది? వాల్వు ఎక్కడుందో చెప్పకుండా పైపు గీసినట్టుంది" అందట. ఆ ఒక్క మాటకి పని మొత్తం ఆవిడ నెత్తిన పడింది.

వచ్చీ రాగానే కొన్ని కట్టుబాట్లు పెట్టింది. ఆడేవాడు నిజంగా ఏ వైపు కూర్చున్నా సరే, బొమ్మలో కింద, దక్షిణంలోనే ఉండాలి. చదివేవాడు మెడ తిప్పుకోకుండా తనే ఆడుతున్నట్టు చూసుకోవాలి కదా. ఏడాది పొడుగునా ఉత్తరం వైపు తప్ప కూర్చోని బ్యాంకు మేనేజరు ఒకాయన, తనని దక్షిణంలో వేశారని ప్రెస్సుకొచ్చి నాతో గొడవపడ్డాడు. రాజుకీ రాణికీ ఇద్దరికీ 'రా' అని పెడితే ఎవరు ఎవరో తెలీదు కాబట్టి రాజుకి 'రా', రాణికి 'ణి'. ఆసుకి 'ఆ', జాకీకి 'జా'. పది అని అంకెల్లో వేస్తే రెండు ముక్కల చోటు తింటుంది, చూసేవాడి కంటికి లెక్క తప్పుతుంది, అందుకని 'ప'. ఒక రంగులో ఒక్క ముక్కా లేకపోతే అక్కడ ఖాళీ వదలకూడదు, చిన్న గీత పెట్టాలి. "ఖాళీగా వదిలితే లేదని ఎలా తెలుస్తుంది? మనం రాయడం మర్చిపోయామనుకుంటారు" అనేది.

ఇంత చేసీ ఆట మాత్రం నేర్చుకోలేదు. క్లబ్బు గడపా తొక్కలేదు. "నాలుగు చేతులూ కనిపిస్తుంటే ఇంక ఆడేదేముంది?" అని ఆవిడ ప్రశ్న.

ఆడేవాడు మా అన్నయ్య. తూకం యంత్రాలు బాగుచేయడం ఆయన పని. గ్రాములో పదో వంతు తేడా ఉన్నా పసిగట్టేవాడు. పేక దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆ మనిషి వేరు. ఇస్పేటు రాణి గానీ ఇంకో రాణి గానీ ఎదుటి జట్టులో ఎవరి దగ్గరుందో తెలియనప్పుడు, మిగతావాళ్ళు లెక్కలేస్తారు, పాట గుర్తు చేసుకుంటారు, మొహాలు చూస్తారు. అన్నయ్య ఇవేవీ చేయడు. తన ఎడమవైపు మనిషి దగ్గరే ఉందనుకుని ఆడేస్తాడు. ముప్పై ఒక్క ఏళ్ళు అలాగే ఆడాడు. లేకపోతే? పోతుంది. "ఏం బావా, మళ్ళీ ఎడమేనా?" అని క్లబ్బులో ఎవరైనా అంటే, "ఉంటుందిరా, ఎక్కడికి పోతుంది" అనేవాడు. ఓడినప్పుడు మాత్రం పది నిమిషాలు అలక. తల దించుకుని వరండా కుర్చీలో కూర్చునేవాడు. అప్పుడు పలకరిస్తే కరిచేవాడు, అందుకని ఎవరూ పలకరించేవారు కారు.

ఆయన పోయింది అలాగే. ఒక శనివారం సాయంత్రం, ఇరవై రెండో బోర్డు, అంటే ఆ రోజుకి ఇరవై రెండో పంపకం ఆడి, ఎడమకి వెళ్ళి, ఒక పట్టు తక్కువ తెచ్చుకుని, వెళ్ళి వరండా కుర్చీలో తల దించుకుని కూర్చున్నాడు. అలకనుకున్నారు. పది నిమిషాల తరవాత జట్టువాడు, మేమంతా డబుల్ మాస్టారనే పెద్దాయన, భుజం తట్టి చూసేసరికి అంతా అయిపోయింది. డాక్టర్లు, ఆ పది నిమిషాలూ ఉన్నా చేయగలిగేదేమీ లేదన్నారు. నిజమో, మా మనశ్శాంతి కోసం అన్నారో తెలియదు.

ఆ పది నిమిషాల సంగతి వదినకి ఎవరూ చెప్పలేదు. ఎలా చెబుతారు? ఆ సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి తలా ఒక మంచి మాటా కల్పించారు. మాస్టారు, లెక్కలు చెప్పి రిటైరైన పెద్దమనిషి, ఎదుటివాళ్ళ ప్రతి పాటకీ 'డబుల్' అని పందెం రెట్టింపు చేసే అలవాటు తప్ప ఏ చెడ్డ అలవాటూ లేనివాడు, "చివరగా నీ పేరే తలుచుకున్నాడు చెల్లెమ్మా" అన్నారు. క్లబ్బు సెక్రటరీ, ఊరంతా పళ్ళ డాక్టరనే పిలుస్తారు, "ఆయన ఆ రోజు మా అందరికంటే ప్రశాంతంగా ఉన్నారు మేడం" అన్నాడు. నేనేం తక్కువ తినలేదు. "అన్నయ్య నిన్ను ఒక్కనాడూ నొప్పించలేదు కదా వదినా" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు, అంతకు ముందు వారమే వాళ్ళిద్దరూ కిటికీ పరదా రంగు గురించి రెండు రోజులు మాట్లాడుకోలేదన్న సంగతి నాకు తెలుసు.

వదిన అన్నిటికీ తల ఊపింది. ఏడవలేదు. వచ్చినవాళ్ళకి కౌంటర్లో కూర్చున్న గుమాస్తాలా "థాంక్సండీ" అని చెప్పింది. అన్నయ్య తూకం రాళ్ళ పెట్టె షాపువాళ్ళకి ఇచ్చేసి, ఇచ్చినట్టు సంతకం తీసుకుంది. కారుతున్న కుళాయికి తనే వాషర్ మార్చింది. వేళకి తింది, వేళకి పడుకుంది. నిద్ర పడుతోందా అని అడిగితే, "బానే పడుతోంది" అని కాస్త ఆశ్చర్యంగా చెప్పింది. మా ఆవిడ రోజూ వెళ్ళి కూర్చుని వచ్చేది. "అక్క మనసు రాయైపోయిందండీ. ఒక్కసారి ఏడిస్తే బాగుండు" అనేది. నన్ను వెళ్ళి ఏదైనా గుర్తు చేయమంది. వెళ్ళి, అన్నయ్య చిన్నప్పుడు నన్ను బావిలోంచి బయటికి లాగిన కథ చెప్పడం మొదలుపెట్టాను. సగంలో నాకే ఏడుపొచ్చింది. వదిన లేచి నాకు తువ్వాలు తెచ్చిచ్చింది. అంత పరువు తక్కువ నాకు అంతకు ముందెప్పుడూ జరగలేదు.

ఒకరోజు మాత్రం మా ఆవిడతో అందట. "వీళ్ళంతా చెబుతున్న మనిషెవరో నాకు తెలియట్లేదే. ఎవరో మంచాయన పోయినట్టుంది. పాపం అనిపిస్తోంది, అంతే."

మా ఆవిడ ఆ మాట నాకు చెప్పింది. నాకు ఎక్కలేదు. ఎక్కి ఉంటే ఆ తరవాతి పని చేసి ఉండేవాణ్ణి కాదు.

నెల తిరిగి పత్రిక వేళయింది. అన్నయ్య జ్ఞాపకార్థం ఆయన ఆడిన చివరి పంపకం వేద్దామని పళ్ళ డాక్టరు అన్నాడు. మంచి ఆలోచనే. కాకపోతే ఆ పంపకంలో అన్నయ్య చేసింది పచ్చి పొరపాటు. నాలుగు ఇస్పేట్లు పాడాడు, అంటే ఇస్పేటు తురుపుగా పది పట్టులు పట్టాలి. తనకీ మాస్టారికీ కలిపి తొమ్మిది ఇస్పేట్లున్నాయి. ఆసు, రాజు తమవే. బయట ఉన్నవి నాలుగే, అందులో ఒకటి రాణి. ఆ రెండు పెద్ద ముక్కలూ వరసగా వేసేస్తే, కుడివైపు మనిషి దగ్గర ఒక్క చిన్న ముక్కతో ఉన్న రాణి దానంతట అదే కింద పడేది. ఆట నేర్చుకునే మొదటి నెలలో చెప్పే పాఠమది. అన్నయ్య జాకీ వేసి ఎడమకి వెళ్ళాడు. రాణి కుడివైపు నుంచి వచ్చి పట్టుకుపోయింది.

క్లినిక్కులో, ఒక పేషెంటు దవడ మొద్దుబారే దాకా ఖాళీ ఉన్న పది నిమిషాల్లో, డాక్టరు ఆ పంపకం రాసిన కాగితం నా ముందు పెట్టాడు.

"ఇది వేస్తే ఏం బాగుంటుంది చెప్పండి? ఈ ఒక్క రాణీ అటు ఉంటేనా, ఎంత గొప్ప ఆటో! పుస్తకం చెప్పినట్టు ఆడితే పోయేది, ఈయన ఎడమకి వెళ్ళి గెలిచాడని రాయొచ్చు" అన్నాడు.

"అటు ఉంటే" అన్నాను నేను.

"ఎవరు చూడొచ్చారు?"

ఎదురుగా కుర్చీలో పేషెంటు నోరు తెరుచుకుని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. డాక్టరు బల్ల మీద రబ్బరు ఉంది. తీసుకున్నది నేను. తూర్పులో 'ణి' చెరిపింది నేను. పడమరలో 'ణి' రాసింది నేను. ముప్పై ఒక్క ఏళ్ళు ఎదురుచూసిన రాణిని అన్నయ్యకి ఒక్కసారి ఎడమవైపు చూపించానని తృప్తిగా ఇంటికొచ్చాను. ఒక ముక్క అటు ఇస్తే ఇంకో ముక్క ఇటు తేవాలన్న సంగతి, ప్రూఫులు దిద్దే నా బుర్రకి తట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక వదిన గీస్తుంటే పక్కన కూర్చున్నాను. గీయడం అయింది. లెక్క మొదలైంది. పెన్సిలు ఉత్తరం దాటింది. తూర్పు దగ్గర ఆగింది. మళ్ళీ మొదటి నుంచి వచ్చింది. పడమరకి వెళ్ళింది. మళ్ళీ తూర్పుకొచ్చింది. మూడోసారి లెక్కపెట్టేటప్పుడు ఆవిడ పెదవులు కదిలాయి.

"తూర్పుకి పన్నెండు. పడమరకి పద్నాలుగు" అంది.

నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

"నాకు లెక్క తప్పుతోందా?" అంది. నన్నడిగినట్టు లేదు. "ఇదొక్కటీ సరిగ్గా ఉందనుకున్నాను."

ఆ క్షణంలో నోరు విప్పాల్సింది. విప్పకపోగా, "అలసట వదినా, నెల రోజులుగా..." అని ఏదో గొణిగాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. నా దొంగతనం దాచుకోవడానికి ఆవిడ చేతికి మిగిలిన ఒక్క నమ్మకాన్నీ ఆవిడ చేతే అనుమానింపజేశాను.

వదిన నా మాట పట్టించుకోలేదు. డాక్టరు కాగితం తీసి కిటికీ వెలుగులో పట్టుకుంది. "ఇందులోనూ పద్నాలుగే ఉన్నాయి" అంది. ఆ గొంతులో కాస్త ఊపిరి వచ్చింది. కాగితాన్ని వాలుగా తిప్పింది. "ఇక్కడ చెరిపారు. ఇక్కడ రాశారు. ఆ రోజు ఆడిన బోర్డు ఉందా?"

ఉంది. పోటీ ఆటల్లో పట్టయిన ముక్కలు కలిపేయరు. ఎవరి పదమూడు వాళ్ళ ముందే ఉంచుకుని, చివర్న బోర్డనే నాలుగు జేబుల పెట్టెలో ఎవరి జేబులో వాళ్ళు పెట్టేస్తారు, అదే పంపకం పక్క బల్లవాళ్ళూ ఆడాలి కాబట్టి. ఆ ఇరవై రెండో బోర్డుని మళ్ళీ కలపడానికి ఎవరికీ చేతులు రాక, బీరువాలో పెట్టి తాళం వేశారు.

"తాళం ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరే" అన్నాను. దొంగ చేతికి తాళాలంటారు చూడండి. "నువ్వెందుకు వదినా శ్రమ పడటం, నేను చూసొచ్చి చెబుతాలే."

"నేనూ వస్తాను" అని చెప్పులు వేసుకుంది.

మధ్యాహ్నం మూడింటికి క్లబ్బులో డబుల్ మాస్టారు ఒక్కరే ఉన్నారు. రోజూ ముందుగా వచ్చి పెన్సిళ్ళు చెక్కి బల్లకి నాలుగు చొప్పున పెడతారు. వదినని గుమ్మంలో చూసి పెన్సిలు చెక్కడం మానేశారు. ఆకుపచ్చ గుడ్డ పరిచిన ఆరు బల్లలు, గోడకి స్కోర్ల పలక, మూలన మంచినీళ్ళ క్యాను. పంతొమ్మిదేళ్ళుగా తను గీస్తున్న చోటిని వదిన ఒకసారి చుట్టూ చూసింది. నక్షా సరిగ్గా ఉందో లేదో చూసుకునే చూపే అది.

బీరువా తీసి బోర్డు బల్ల మీద పెట్టాను. వదిన ఒక్కో జేబులోంచీ ముక్కలు తీసి, రంగుల వారీగా సర్ది, లెక్కపెట్టింది. ఉత్తరం పదమూడు. పడమర పదమూడు. దక్షిణం, అంటే అన్నయ్య ముక్కలు, అవీ పదమూడే. వాటి దగ్గర ప్రత్యేకంగా ఆగిందేమీ లేదు. తూర్పు జేబులో ముక్కలు విప్పి, ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. ఇస్పేటు రాణి.

"ఇది తూర్పు. అంటే ఆయనకి కుడివైపు. అవునా మాస్టారూ?"

"అవునమ్మా" అన్నారు మాస్టారు. ఆయనకి మా రబ్బరు సంగతి తెలియదు.

"మరి ఆయన ఎటు వెళ్ళారు?"

"ఇంకెటు వెళ్తాడు..." అని ఆయన నోరు జారి నా వైపు చూశారు.

"ఎడమకే కదా. ఎన్ని వచ్చాయి?"

"తొమ్మిది. ఒకటి తక్కువ."

గుమ్మడికాయల దొంగ అనకముందే నేను భుజాలు తడుముకున్నాను. "నేనే వదినా. రబ్బరు పట్టుకుంది నేనే. డాక్టరు గారు అన్నారు, నేను చేశాను. అన్నయ్య గెలిచినట్టుంటుందని."

వదిన నన్ను కోప్పడలేదు. "చేసేవాడివి, ఒక చిన్న ముక్క అటు మార్చాలని తెలీదూ?" అంది. ఆ తరవాత మాస్టారి వైపు తిరిగింది. "ఆయన చివరికి ఏమన్నారు?"

"చెప్పాను కదా చెల్లెమ్మా, నీ పేరే..."

"ఆయన నన్ను పేరుతో పిలవరు మాస్టారూ. ఏమోయ్ అంటారు."

మాస్టారు చేతిలో పెన్సిలు అటూ ఇటూ తిప్పారు. ముప్పై ఏళ్ళు పిల్లల అబద్ధాలు పట్టుకున్న మనిషి, తను పట్టుబడితే ఏం చేయాలో తెలియక గోడకేసి చూశారు. "ఎవరైనా ఆ ఫ్యాను పెంచండి అన్నాడమ్మా. అంతే. అని వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. మేము అలకనుకున్నాం. పది నిమిషాలు. నేను చూడనైనా చూడలేదు. ఓడగొట్టాడని నాకూ ఒళ్ళు మండుతోంది."

వదిన రాణిని తీసి తూర్పు జేబులో పెట్టింది. "నేనైనా అలకే అనుకునేదాన్ని" అంది.

అప్పుడే పళ్ళ డాక్టరు వచ్చాడు. బల్ల మీద బోర్డు చూశాడు, నా మొహం చూశాడు, విషయం అర్థమైపోయింది.

"మేడం, ఇందులో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. ఆయన గౌరవం కోసం" అన్నాడు.

"గౌరవం కావాలనుకుంటే ఆయన ఆసు, రాజు వరసగా వేసేవారు."

"చివరి ఆటండీ. చివరి ఆట ఓడినట్టు వేయమంటారా?"

"ఓడారు కదా."

"నలుగురూ చదువుతారు. పోయిన మనిషి తప్పు అచ్చు వేస్తే ఏం బాగుంటుంది? ఆ కాగితంలో ఒక చిన్న ముక్క అటు మారిస్తే అన్నీ పదమూడే అవుతాయి. ఎవరికీ తెలీదు."

"అవుతాయి. లెక్క కుదురుతుంది" అంది వదిన. "నాకు తెలిసినాయన ముప్పై ఒక్క ఏళ్ళు ఎడమకి వెళ్ళారు. ఏడాదికి ఏడెనిమిది సార్లయినా ఆ తప్పు నేనే గీశాను. మీరు వేస్తానంటున్న ఆయన ఎవరో నాకు తెలీదండీ. ఆయన బొమ్మ కావాలంటే గీసేవాళ్ళని వేరే చూసుకోండి."

అంత పొడుగు మాట ఆవిడ నోట వినడం నెల రోజుల్లో అదే మొదలు. డాక్టరు రుమాలుతో మెడ తుడుచుకుని, "మీ ఇష్టం. సభ్యులు నొచ్చుకుంటే మాత్రం నన్ననకండి" అన్నాడు. వదిన అక్కడే, మాస్టారు చెక్కిన పెన్సిలు తీసుకుని, మళ్ళీ గీసింది. ఇస్పేట్ల వరస నాకిప్పటికీ కంఠతా వచ్చు. ఉత్తరం: రా 9 7 3. తూర్పు: ణి 6. దక్షిణం: ఆ జా ప 8 4. పడమర: 5 2. మిగతా రంగులూ రాసి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి లెక్క చూసి, మూలన టిక్కు పెట్టింది. కింద ఏం రాయాలని నేనడిగితే, "దక్షిణం ఎడమకి వెళ్ళాడు, ఒకటి తక్కువ. ఇంకేముంది రాయడానికి?" అంది.

అలాగే వేశాం. ప్రెస్సులో ఆ పేజీ తిరుగుతున్నంతసేపూ మిషను పక్కనే నిలబడ్డాను.

పత్రిక పంచింది ఒక శనివారం, ఆట మొదలవక ముందు. అన్నయ్యకి నివాళి అని డాక్టరు వదినని కూడా రమ్మన్నాడు. పాతికమంది ఉంటారు. అందరూ లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించి కూర్చున్నారు. అంతా కాగితాలు తిప్పుతున్నారు. వదిన ముందు వరసలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చుంది. నేను పక్కనే ఉన్నాను. వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. ఎవరైనా లేచి ఇదేం మర్యాద అని అడిగితే ఏం చెప్పాలా అని మాటలు వెతుక్కుంటున్నాను.

"తొమ్మిది తురుపులు పెట్టుకుని ఎడమకా?"

బ్యాంకు మేనేజరు. అనకూడదనుకుంటూనే అనేసినట్టుంది గొంతు. పక్కవాడు ష్ అన్నాడు. రెండు క్షణాలు ఆగాడు గానీ ఆగలేకపోయాడు. "కాదండీ, ఆసు వెయ్యి, రాజు వెయ్యి, పడుతుంది కదా! చిన్నపిల్లాడైనా..."

"నాకు చెబుతావేంటయ్యా?" అని మాస్టారు లేచారు. "ఎదురుగా ముక్కలు పరిచేసి కూర్చున్నది నేను! జాకీ మీద చెయ్యి పెట్టగానే నా ప్రాణం పైకే పోయింది. అరవడానికి లేదు, అడగడానికి లేదు. డమ్మీ నోరెత్తకూడదని రూలు!"

"పోనీ పాటలోనైనా కుడివైపాయన ఏదో అన్నాడేమో చూడొద్దూ?"

"చూడటమా! ఆయనకి మెడ పట్టేసింది, కుడివైపు తిరగదు!"

"బుద్ధి లేని ఆటండీ. ఎన్నిసార్లు చెప్పాం!"

అంతా ఒకేసారి మాట్లాడుతున్నారు. కాగితాలు ఊపుతున్నారు. నెల రోజులుగా ప్రతి ఒక్కరూ పువ్వుల్లో పెట్టి మాట్లాడిన మనిషిని పట్టుకుని కడిగేస్తున్నారు. డాక్టరు చేతులెత్తి, "అయ్యా, సందర్భం చూడండి, మేడం ఉన్నారు" అంటున్నాడు. వినేదెవరు? బ్యాంకు మేనేజరుకి మాత్రం అప్పుడు వదిన గుర్తొచ్చింది. సర్దుకుందామని, "అంటే, ఇంట్లో మీరు ఆయన ఎడమ పక్క కూర్చునేవారు కాబోలమ్మా, ఆ నమ్మకం" అన్నాడు.

"ఎడమ పక్క ఫ్రిజ్జు ఉండేది" అంది వదిన.

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. వదిన లేచి నిలబడింది. వెళ్ళిపోతుందేమో అనుకుని నేనూ లేచాను.

"నేను చెప్పలేదనుకున్నారా?" అంది. మాస్టారితో మొదలుపెట్టి అందరి వైపూ తిరిగింది. "నెల నెలా గీసి చూపించాను. ఈ ఏడాది ఏడుసార్లు ఎడమకి వెళ్ళావు, రెండుసార్లు ఉంది, చూడు, అని చెప్పాను. చూస్తేనా? ఎక్కడికి పోతుందే అంటాడు. ఎక్కడికి పోతుందంటే, పోయింది కదా! అన్నిట్లోనూ ఇంతే. మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, ఒకసారి చూపించుకో అంటే ఆదివారం అన్నాడు. ఆదివారం వస్తే వచ్చే ఆదివారం అన్నాడు. ఎన్ని ఆదివారాలు! చెప్పింది వినే మనిషైతే ఇవాళ..."

గొంతు పెరుగుతూ పోయింది. ఆ గొంతు నేను గోడవతల నుంచి ఎన్నిసార్లు విన్నానో. పరదా రంగు దగ్గరా, చెప్పకుండా కొన్న రెండో గొడుగు దగ్గరా, ఆవిడ అన్నయ్యని కడిగే గొంతు అది. నెల రోజులుగా ఎక్కడ పెట్టిందో తెలియదు. చేతిలో పత్రిక గరగరలాడుతోంది.

డాక్టరు కంగారుగా మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని బయలుదేరాడు. మాస్టారు ఆయన చెయ్యి పట్టి పక్క కుర్చీలో కూర్చోబెట్టారు.

"తిట్టనివ్వండి" అన్నారు.

వదిన తిడుతూనే ఉంది. మధ్యలో ఒకటి రెండు చోట్ల బ్యాంకు మేనేజరు "అవునమ్మా" అన్నాడు. ఆ రోజు ఆట ముప్పావు గంట ఆలస్యంగా మొదలైంది.